ప్రయాణ బీమా పత్రాన్ని వెనక నుంచి చదవండి

ప్రశ్న: నాకు 61 ఏళ్లు, మావారికి 66. ఆయనకు చాలాకాలంగా రక్తపోటు, మధుమేహం ఉన్నాయి. మూడేళ్ల కిందట గుండెకు స్టెంట్ కూడా వేశారు. ఈ వేసవిలో రెండు వారాల పాటు ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ చూసి రావాలనుకుంటున్నాము. వీసాకు 30,000 యూరోల బీమా ఉంటే చాలునని, పాత జబ్బుల సంగతి రాస్తే ప్రీమియం పెరుగుతుంది కాబట్టి రాయనక్కరలేదని ఏజెంటు అంటున్నారు. ఆయన మాట వినవచ్చునా? — ఒక పాఠకురాలు

జవాబు: ఆ మాటలో మొదటి సగం నిజమే గాని మీకు సరిపోదు. రెండో సగం మాత్రం అవసరానికి మిమ్మల్ని నట్టేట ముంచే సలహా.

ఫ్రాన్స్, స్విట్జర్లాండ్‌తో సహా అనేక ఐరోపా దేశాలకు కలిపి ఇచ్చే వీసాను షెంగెన్ వీసా అంటారు. ఆ వీసా నియమావళి ప్రకారం బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి, షెంగెన్ దేశాలన్నింటిలో చెల్లాలి, మీరు అక్కడ ఉండే కాలమంతటికీ వర్తించాలి. అత్యవసర వైద్యానికి, ఆసుపత్రి చికిత్సకు, అనారోగ్యం వల్ల స్వదేశానికి చేర్చవలసి వస్తే అయ్యే ఖర్చుకు, మరణం సంభవిస్తే అయ్యే ఖర్చుకు అది పనికిరావాలి. ఇది వీసా ఇచ్చేవారు గీసిన కనీసపు గీత మాత్రమే. మీ వారి గుండెను చూసి నిర్ణయించిన మొత్తం కాదు. ఐసీయూలో కొన్ని రోజులు ఉండి, ఒక శస్త్రచికిత్స జరిగి, ఆ తరువాత పడుకోబెట్టి ఇంటికి తీసుకురావలసి వచ్చిందనుకోండి. మామూలు విమానంలో స్ట్రెచర్ అమర్చాలంటే అనేక సీట్లు మడిచి ఆ స్థలం ఇవ్వాలి, ఆ సీట్లన్నింటికీ డబ్బు కట్టాలి, వెంట వచ్చే వైద్యుడికో నర్సుకో టికెట్ వేరే. ప్రత్యేక వైద్య విమానమైతే ఖర్చు ఇంకా ఎన్నో రెట్లు. అందువల్ల కనీసపు గీతకు చాలా పైన ఉన్న వైద్య బీమా మొత్తాన్నే ఎంచుకోండి. మొత్తం పెరిగినంత నిష్పత్తిలో ప్రీమియం సాధారణంగా పెరగదు.

ఇక జబ్బులు దాచడం గురించి. ఏజెంటు మీ మేలు కోరే చెప్పి ఉండవచ్చు, కాని రేపు క్లెయిమ్ కాగితాలు పరిశీలించేది ఆయన కాదు. మీవారు ఛాతీ నొప్పితో ఏ ఆసుపత్రిలో చేరినా, అక్కడి వైద్యుడు అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి ఇంతకుముందు గుండెకు సంబంధించిన చికిత్స ఏదైనా జరిగిందా అన్నదే. నిజం చెప్పక తప్పదు, ప్రాణానికి సంబంధించిన విషయం. ‘మూడేళ్ల క్రితం స్టెంట్’ అని కేసు షీటులో రాస్తారు. అదే కాగితం నకలు బీమా కంపెనీకి చేరుతుంది. ప్రపోజల్ ఫారంలో ‘జబ్బులు లేవు’ అన్న గడిలో మీరు పెట్టిన టిక్కును దాని పక్కన పెట్టి చూస్తే, క్లెయిమ్ నిరాకరించడానికి వారికి ఇంకో కారణం వెతకవలసిన పని ఉండదు.

చెప్పినంత మాత్రాన అన్నీ వర్తిస్తాయని కూడా అనుకోకండి. ముందే ఉన్న జబ్బులను కొన్ని పాలసీలు పూర్తిగా మినహాయిస్తాయి. కొన్ని ప్రాణాపాయ స్థితిలో మాత్రమే, అదీ ఒక పరిమితి వరకే చెల్లిస్తాయి. మరికొన్ని అదనపు ప్రీమియం తీసుకుని ఒప్పుకుంటాయి. కాబట్టి ‘గుండె జబ్బుకు కవరేజీ ఉందా’ అని పొడిపొడిగా అడగకుండా, స్టెంట్ వేసిన తేదీ, వాడుతున్న మందులు రాసి, దీనివల్ల ఛాతీ నొప్పి వచ్చి ఆసుపత్రిలో చేరితే ఎంతవరకు భరిస్తారో తెలియజేయమని కంపెనీకే మెయిల్ పంపండి. వచ్చిన జవాబును పాలసీతో పాటు దాచుకోండి. పాలసీ కొన్నాక, బయలుదేరేలోగా మందులు మారినా, కొత్తగా ఏదైనా పరీక్ష రాసినా ఆ సంగతీ తెలియజేయండి.

రెండు పాలసీలు చేతిలో ఉన్నప్పుడు నేను ముందుగా తిప్పేది చివరి పేజీలే. మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో వేసిన అంకె ఎంత ఉన్నా, ఫలానా వయసు దాటినవారికి గది అద్దెకు రోజుకు ఇంత, శస్త్రచికిత్సకు ఇంత అని వెనక ఉప పరిమితులు ఉంటే ఆ అంకెకు విలువ లేదు. మీ ఇద్దరి వయసుకూ ఈ షరతు చాలా ముఖ్యం. ప్రతి క్లెయిమ్‌లోనూ ముందుగా మీరు భరించవలసిన భాగం, అంటే డిడక్టబుల్, ఎంతో కూడా అక్కడే ఉంటుంది.

రోజంతా పనిచేసే సహాయ కేంద్రం నంబరును ఇద్దరి ఫోన్లలోనూ ఎక్కించుకోండి, ఒక కాగితం మీద రాసి పర్సులోనూ పెట్టుకోండి. ఆసుపత్రిలో చేరగానే ఆ నంబరుకు కబురు పెట్టాలన్నది చాలా పాలసీలలో షరతు. క్యాష్‌లెస్ చికిత్స కుదరాలన్నా ముందు ఆ ఫోన్ చేయవలసిందే.

ప్రశ్న: గత ఏడాది విదేశంలో విమానం దిగాక మా సూట్‌కేసు రాలేదు. మూడో రోజున హోటల్‌కు చేర్చారు. ఈలోగా బట్టలు, అవసరమైన వస్తువులు కొనుక్కున్నాము. రసీదులన్నీ పంపినా, విమానాశ్రయంలో ఫిర్యాదు చేసిన కాగితం లేదంటూ బీమా కంపెనీ తిరస్కరించింది. ఈసారి సామానుకు ఎక్కువ బీమా ఉన్న పాలసీ తీసుకోమంటారా? — ఒక పాఠకుడు

జవాబు: అక్కరలేదు. మీకు కొరవడింది బీమా మొత్తం కాదు, ఒక్క కాగితం. బ్యాగు రాలేదని తెలిసిన వెంటనే, సామాను అందే హాలు దాటి బయటికి రాకముందే, విమాన సంస్థ కౌంటరులో ప్రాపర్టీ ఇర్రెగ్యులారిటీ రిపోర్ట్, అంటే సామాను అందలేదన్న ఫిర్యాదు పత్రం, రాయించుకుని నకలు తీసుకోవాలి. రాత్రంతా ప్రయాణం చేసి, కళ్లు మూతలు పడుతున్నవేళ వరుసలో నిలబడటం కష్టమే. అయినా ఆ అరగంటే మీ క్లెయిమ్‌కు ఆధారం.

సామాను విషయంలో మొదటి బాధ్యత విమాన సంస్థది. అంతర్జాతీయ ప్రయాణాలలో విమాన సంస్థల బాధ్యతను నిర్ణయించే 1999 మాంట్రియల్ ఒప్పందం వర్తించే చోట, సామాను దెబ్బతింటే అందిన 7 రోజులలోగా, ఆలస్యంగా అందితే చేతికి వచ్చిన 21 రోజులలోగా లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 21 రోజులు గడిచినా రాని బ్యాగును పోయినట్టుగానే పరిగణించవచ్చు. 2024 డిసెంబరు 28 నుంచి సంస్థ బాధ్యతకు పరిమితి ఒక్కో ప్రయాణికుడికి 1,519 ఎస్‌డీఆర్‌లు. ఎస్‌డీఆర్ అనేది అంతర్జాతీయ ద్రవ్య నిధి ప్రధాన కరెన్సీల విలువను బట్టి లెక్కగట్టే ప్రమాణం. గత ఏడాది ఆలస్యమైన మీ సూట్‌కేసు విషయంలో విమాన సంస్థకు అప్పట్లోనే రాసి ఉండకపోతే ఇప్పుడు చేయగలిగింది పెద్దగా లేదు.

ప్రశ్న: ప్రయాణం ఇంకా ఆరు నెలలు ఉంది. టికెట్లు, హోటళ్లు ఖరారయ్యాయి. బీమా బయలుదేరే వారంలో తీసుకుంటే సరిపోదా? క్రెడిట్ కార్డుతో ఉచితంగా వచ్చే బీమా ఉండగా మళ్లీ కొనడం దేనికి? — ఒక పాఠకురాలు

జవాబు: వైద్య బీమా మీరు బయలుదేరినప్పటి నుంచి పనిచేస్తుంది గాని, ప్రయాణం రద్దుకు సంబంధించిన భాగం సాధారణంగా కొన్న నాటి నుంచే మొదలవుతుంది. చివరి వారంలో కొంటే ఈ ఆరు నెలల రక్షణను ఊరికే వదులుకున్నట్టే.

పైగా, ఏదైనా ఉపద్రవం అందరికీ తెలిసిపోయాక కొన్న బీమా ఆ ఉపద్రవానికి పనికిరాదు. 2010 ఏప్రిల్‌లో ఐస్‌లాండ్‌లో అగ్నిపర్వతం బద్దలై, ఆ బూడిద వల్ల ఐరోపాలో విమానాలు రోజుల తరబడి ఆగిపోయినప్పుడు, ముందే పాలసీ ఉన్నవారికి కూడా తిప్పలు తప్పలేదు. బూడిద ‘ప్రతికూల వాతావరణం’ కిందికి వస్తుందా రాదా అన్న వాదన తలెత్తింది. రద్దుకు ఏయే కారణాలు చెల్లుతాయో పాలసీలో పేరుపేరునా చూసుకోమనడం అందుకే. మనసు మారి మానుకోవడం, భయపడి ఆగిపోవడం మామూలు పాలసీలలో చెల్లే కారణాలు కావు. యుద్ధాన్ని దాదాపు అన్ని పాలసీలూ మినహాయిస్తాయి.

కార్డు బీమాను తీసిపారేయనక్కరలేదు. అయితే టికెట్ ఆ కార్డుతోనే కొనాలన్న షరతు ఉందేమో, కుటుంబ సభ్యులకు వర్తిస్తుందో లేదో చూడండి. చాలా కార్డులలో ప్రమాద మరణానికి పెద్ద మొత్తం ఉండి, వైద్యానికి నామమాత్రంగా ఉంటుంది.

ప్రశ్న: మా అబ్బాయి స్నేహితులతో కలిసి ద్వీపాలకు వెళుతున్నాడు. అక్కడ స్కూటర్లు అద్దెకు తీసుకుంటారట, స్కూబా డైవింగ్ కూడా చేస్తారట. మామూలు పాలసీ చాలునా? — ఒక తండ్రి

జవాబు: చాలకపోవచ్చు. ఆ దేశంలో చెల్లే లైసెన్సు, అదీ ద్విచక్ర వాహనానికి సంబంధించినది, లేకుండా నడిపినా, మద్యం తాగి నడిపినా ప్రమాదం జరిగితే క్లెయిమ్ చెల్లదు. హెల్మెట్ పెట్టుకోలేదన్న కారణమూ చూపుతారు. అతని బండి తగిలి మరొకరు గాయపడితే ఆ పరిహారాన్ని ప్రయాణ బీమా సాధారణంగా ఇవ్వదు; అది బండికి ఉండవలసిన బీమా. అద్దెకు తీసుకునేటప్పుడే ఆ కాగితం చూపమని అడగాలి.

డైవింగ్‌కు సాహస క్రీడల అదనపు కవరేజీ తీసుకోమనండి, ఎన్ని మీటర్ల లోతు వరకు వర్తిస్తుందో చూడమనండి. లోతు నుంచి త్వరగా పైకి వస్తే శరీరంలో నైట్రోజన్ బుడగలు ఏర్పడి వచ్చే డికంప్రెషన్ జబ్బుకు ప్రత్యేకమైన పీడన గదిలో చికిత్స చేయాలి. అలాంటి గది ద్వీపంలో లేకపోతే ఉన్న చోటికి తరలించాలి. ఆ చికిత్స, ఆ తరలింపు రెండూ పాలసీలో స్పష్టంగా రాసి ఉండాలి. వరుసగా కొన్ని రోజులు డైవింగ్ చేసినవారు విమానం ఎక్కేముందు కనీసం 18 గంటలు ఆగాలని డైవింగ్ వైద్యులు చెబుతారు కనుక, తిరుగు టికెట్ కూడా ఆ లెక్క చూసుకునే కొనమనండి.