తలూపితే ఒప్పుకున్నట్టు కాదు

మీ కమిటీలో మేధో వైకల్యం ఉన్న సభ్యుడు ప్రతిదానికీ తలూపి, తీరా ఇంటికెళ్లాక "నాకిష్టం లేదు" అంటున్నారని రాశారు. చిక్కు ఆయనలో లేదు, మీరు అడిగే తీరులో ఉంది. "సరేనా?" అంటే ఎదుటివాళ్లను నొప్పించకుండా సరే అనేయడం చాలామందికి అలవాటైపోయి ఉంటుంది. రెండు బొమ్మలు ముందు పెట్టి "మీటింగు పొద్దున్నా, సాయంత్రమా?" అని అడగండి. కాసేపాగి వరుస మార్చి మళ్లీ అడగండి. రెండుసార్లూ చివర విన్నదే చెప్తే ప్రశ్న ఇంకా అందలేదని అర్థం. అడిగాక 10 సెకన్లు నోరు మెదపకండి. మిగతా సభ్యులకు అసలు కష్టం ఇదే!

ఎజెండా వారం ముందే ఇవ్వండి. అక్షరాలు 14 పాయింట్లకు తగ్గకూడదు, వాక్యానికి ఒకే విషయం, పక్కన బొమ్మ. "బడ్జెట్ సవరణ" అని కాకుండా "డబ్బు దేనికి ఖర్చు పెడదాం? బస్సుకా, మైకుకా?" అని రాయండి.

"ఆగండి, అర్థం కాలేదు" అనడానికి అందరికీ తలో ఎర్ర కార్డు ఇవ్వండి. మొదట అధ్యక్షులే ఎత్తాలి, లేకపోతే సిగ్గుపడి ఎవరూ వాడరు.

తోడు వచ్చినవాళ్లు ఎదురుగా కాదు, పక్కన కూర్చోవాలి. ఎదురుగా ఉంటే ఆ సభ్యుడు జవాబు కోసం వాళ్ల మొహమే చూస్తారు. వాళ్లే బదులు చెప్పబోతే అధ్యక్షులు ఆపాలి. 2006 నాటి ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందంలో 12వ అధికరణం అడిగేది తోడ్పాటు, ఒకరి బదులు ఇంకొకరు నిర్ణయించడం కాదు.