ముందు చిన్న పని ఇచ్చి చూడండి

సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను, షోరూమ్ సర్వీస్ భరించలేను, బయట మెకానిక్‌ని ఎలా నమ్మాలి అని అడిగారు కదా. నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నదే చెబుతున్నా.

మాది విజయవాడ, 2014 స్విఫ్ట్ డీజిల్. స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడల్లా ముందు ఎడమ చక్రం దగ్గర టకటకమని ఒకటే చప్పుడు. ఏసీ గది, కాఫీ మెషీన్ ఉన్న ఒక పెద్ద గ్యారేజీకి తీసుకెళ్తే, బండి ఒక్క చుట్టు కూడా తిప్పకుండానే షాక్ అబ్సార్బర్లు పోయాయి సార్ అన్నారు. రెండూ మార్చి, అలైన్‌మెంట్ చేసి పన్నెండు వేల చిల్లర బిల్లు చేతిలో పెట్టారు. బెంజ్ సర్కిల్ దాటకముందే మళ్లీ టకటక. వెనక్కి వెళ్తే ఈసారి లోయర్ ఆర్మ్‌లు కూడా మార్చాలన్నారు, ఇక దండం పెట్టి వచ్చేశా.

తర్వాత మా బావమరిది ఆటోనగర్‌లో తనకు తెలిసిన షెడ్డుకు తీసుకెళ్లాడు. ఆ మేస్త్రీ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని గతుకుల రోడ్డు మీద రెండుసార్లు తిప్పి, జాకీ ఎత్తి, చక్రం విప్పి, ఒక సన్నటి రాడ్డు చూపించి "మీరే కదపండి సార్" అన్నాడు. స్టెబిలైజర్ లింక్ అట, మలుపుల్లో బండి పక్కకు ఒరగకుండా చూసే కడ్డీని చక్రం వైపు కలిపేది. కదిపితే లొడలొడా ఆడుతోంది, దాని రబ్బరు బూటు చిరిగిపోయి లోపల గ్రీజు బదులు మట్టి ఉంది. రెండు పక్కలా కొత్తవి వేసి, లేబర్‌తో కలిపి 1,500 లోపే తీసుకున్నాడు. ఆ పాత షాకులు మీకు ఇచ్చారా అని అడిగాడు, నేను అడగనే లేదు!

అప్పటినుంచి ఎవరికైనా ముందు ఆయిల్ మార్చడం, బ్రేక్ ప్యాడ్లు చూడటం లాంటి చిన్న పనే ఇస్తాను. ప్యాడ్లు ఇంకో ఐదు వేల కిలోమీటర్లు వస్తాయి, ఇప్పుడే వద్దు అన్నవాడి దగ్గరే క్లచ్ పని చేయించా. పాత సామాను డిక్కీలో పెట్టమని పని మొదలుపెట్టకముందే చెప్పండి, కొత్త సామాను డబ్బా మీద ఎమ్మార్పీ చూడండి, బిల్లులో లేబర్ విడిగా రాయించుకోండి. వీటికి మొహం మాడ్చుకునేవాడితో మనకు పనిలేదు. ఏసీ గ్యాస్ ఏడాదికోసారి నింపించాలి అనేవాళ్లతోనూ జాగ్రత్త, గ్యాస్ బాగా తగ్గిందంటే ఎక్కడో లీక్ ఉన్నట్టే, అది పట్టుకోకుండా ఊరికే నింపితే మళ్లీ ఎండాకాలానికి మొదటికే వస్తుంది. ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగితే మాత్రం నేను షోరూమ్‌కే వెళ్తాను, అక్కడ బేరాలు లేవు.

మా మేస్త్రీకి ఒక్కటే జబ్బు. సాయంత్రం ఆరింటికి ఇచ్చేస్తా అన్నాడంటే మర్నాడు మధ్యాహ్నం అని అర్థం, అందుకే ఊరెళ్లే ముందు రోజు బండి ఆయనకు అస్సలు ఇవ్వను.