కట్టు విప్పాక పిక్క సన్నబడింది, సాయంత్రానికి పాదం వాస్తోంది. మళ్లీ మామూలవుతుందా?

అవుతుంది, కాకపోతే ఎముక అతుక్కున్నంత తొందరగా కాదు. నాకు చీలమండ దగ్గర ఫిబ్యులా, అంటే మోకాలి కింద బయటివైపు ఉండే సన్నటి ఎముక, విరిగింది. సిమెంటు కట్టు విప్పిన రోజు రెండు పిక్కలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకరి కాళ్లేనా అనిపించింది. మీరు చెప్పిన రెండు బాధలకీ మూలం దాదాపు ఒకే చోట ఉంది.

పిక్కలో ముఖ్యమైనవి రెండు కండరాలు, ఒకదాని కింద ఒకటి. పైకి ఉబ్బుగా కనిపించేది గ్యాస్ట్రోక్నీమియస్. అది మోకాలికి పైన, తొడ ఎముక చివర నుంచే రెండు పాయలుగా మొదలవుతుంది. దాని కింద దాక్కున్నది సోలియస్. ఇది మోకాలికి దిగువన టిబియా (మోకాలి కింది పెద్ద ఎముక), ఫిబ్యులాల వెనక నుంచి పుడుతుంది. కిందికి వచ్చేసరికి రెండూ ఎకిలిస్ టెండన్‌లో కలిసి మడమ ఎముకను పట్టుకుంటాయి. మడమ పైన వేళ్లకు తాడులా తగిలేది అదే.

అందరి కళ్లూ పై కండరం మీదే ఉంటాయి గానీ, రోజంతా చాకిరీ చేసేది సోలియస్. నిలబడ్డప్పుడు మన బరువు చీలమండకు కాస్త ముందుగా పడుతుంది. ముందుకు తూలకుండా వెనక నుంచి పట్టి ఉంచేది ఎక్కువగా ఇదే. అంత పని చేసేదాన్ని కట్టులో బిగించి ఉంచితే తగ్గిపోక ఏం చేస్తుంది? ఊరట ఏమిటంటే, కండరపు పోగులు సన్నబడతాయే గానీ చాలావరకు పోవు. పని చెబితే తిరిగి లావెక్కుతాయి.

వాపు సంగతీ ఇక్కడిదే. పాదాల్లోకి దిగిన రక్తం గుండెకు ఎదురెక్కాలి. అడుగు వేసినప్పుడల్లా పిక్క బిగుసుకుని లోపలి సిరల్ని పిండుతుంది, సిరల్లోని కవాటాలు రక్తాన్ని వెనక్కి జారనివ్వవు. పిక్కలో బలం లేనప్పుడు ఆ పని సగంలో ఆగి నీరు చేరుతుంది. కాలు ఎత్తులో పెట్టుకుంటే నాకు బాగా తగ్గేది.

వ్యాయామంలో చాలామంది వదిలేసేది ఒకటుంది. మోకాలు వంచితే గ్యాస్ట్రోక్నీమియస్ వదులవుతుంది, భారం సోలియస్ మీద పడుతుంది. అందుకే ఫిజియోథెరపిస్టు నాతో ముందు కుర్చీలో కూర్చోబెట్టి మడమలెత్తించారు. ఆ తర్వాత నిలబడి రెండు కాళ్ల మీద, చివరికి ఒంటికాలి మీద. గోడకు చేతులాన్చి సాగదీయడం కూడా అంతే: ఒకసారి మోకాలు చాపి, ఒకసారి కాస్త వంచి. బరువు మోపొచ్చని డాక్టరు చెప్పాకే సుమా. మెట్లు దిగడం నాకు అన్నిటికంటే ఆలస్యంగా వచ్చింది. దిగేటప్పుడు చీలమండ బాగా వంగాలి, వంచిన మోకాలితో బరువు ఆపాలి మరి.

నూనె మర్దనతో పిక్క పెరగదు. హాయిగా ఉంటుంది, అంతే. ఉన్నట్టుండి ఆ ఒక్క పిక్కే బాగా వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే మాత్రం దాన్ని పిసకొద్దు. సిరలో రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు, ఆ రోజే డాక్టరుకు చూపించండి. ఆయాసమో ఛాతీ నొప్పో తోడైతే నేరుగా ఎమర్జెన్సీకే వెళ్లండి.