పంపు మార్చినా కదలని సిజర్ లిఫ్ట్: పరకాల తమ్ముడికి జవాబు

ప్రశ్న: మాది పరకాల దగ్గర పల్లెటూరు. వరంగల్‌లో మెకానికల్ డిప్లొమా చేశాను. ఏడాదిగా హైదరాబాద్‌లో సిజర్ లిఫ్టులు (కత్తెర కాళ్ల మీద నిలువుగా లేచేవి), బూమ్ లిఫ్టులు (పొడవాటి చేయితో మనిషిని ఎత్తేవి) కిరాయికిచ్చే కంపెనీలో సర్వీస్ హెల్పర్‌గా పనిచేస్తున్నాను. పోయిన నెల మడికొండ దగ్గర ఒక గోదాము సైటులో మా బ్యాటరీ సిజర్ లిఫ్ట్ పైకి లేస్తోంది, దిగుతోంది గానీ ముందుకూ వెనక్కూ కదల్లేదు. పంపు పోయిందని చెప్పి మార్పించాను. అయినా అంతే. మర్నాడు సీనియర్ వచ్చి, బ్రేక్ వాల్వు కనెక్టర్ ఊడిందని పట్టుకున్నాడు. అప్పటి నుంచి ఈ పని నాకు రాదేమో అనిపిస్తోంది. ఇంటికొచ్చి కానిస్టేబుల్ పరీక్షకు చదువుకొమ్మని బాపు అంటున్నాడు. ఏం చేయమంటారు సార్?

జవాబు: తమ్ముడూ, పని రాదని నువ్వు తేల్చేసుకున్నావు గానీ, నీ ఉత్తరం చదివితే నాకు అట్లా అనిపించలేదు. లేస్తోంది, దిగుతోంది, కదలట్లేదు అని మూడు ముక్కల్లో బండి పరిస్థితి చెప్పావు. సైటు నుంచి ఫోన్ చేసేవాళ్లలో చాలామంది "బండి ఆగిపోయింది" అని మాత్రమే అంటారు. నీకు చూపు ఉంది. చూసినదాన్ని బట్టి ఏది తేలుతుంది, ఏది తేలదు అని ఆగి ఆలోచించే అలవాటే ఇంకా పడలేదు. అది నేర్చుకుంటే వచ్చేదే. నేను సలహాలిచ్చే పనిలోకి రాకముందు రామగుండం వైపు హైడ్రాలిక్ యంత్రాల, అంటే ఆయిల్ ప్రెషర్‌తో నడిచేవాటి, మెయింటెనెన్స్‌లో ఉన్నాను, కాబట్టి ముందు బండి సంగతే మాట్లాడతాను. ఉద్యోగం సంగతి దాని వెంటే వస్తుంది.

చక్రాలకు హైడ్రాలిక్ మోటార్లున్న బ్యాటరీ సిజర్ లిఫ్టుల్లో సాధారణంగా ఒకే పంపు ఉంటుంది. లేపడానికీ, స్టీరింగ్‌కీ, డ్రైవ్‌కీ (ముందుకూ వెనక్కూ నడపడానికీ) ఆయిల్ ఇచ్చేది అదే. మరి ప్లాట్‌ఫామ్ మామూలు వేగంతో లేచిందంటే పంపు ఆయిల్ తోస్తున్నట్టే కదా! దాన్ని తిప్పే మోటారూ, బ్యాటరీలూ కూడా పనిచేస్తున్నట్టే. దిగడాన్ని మాత్రం లెక్కలోకి తీసుకోకు, ప్లాట్‌ఫామ్ తన బరువుకే దిగుతుంది. ఖాళీ ప్లాట్‌ఫామ్ లేవడానికి పెద్ద ప్రెషర్ అక్కర్లేదు కదా, పంపు అరిగినా లేస్తుందేమో అని నీకు అనుమానం రావచ్చు. మంచి అనుమానమే. దానికి మ్యానిఫోల్డ్ (వాల్వులన్నీ బిగించి ఉండే దిమ్మ) మీద టెస్ట్ పోర్టు ఉంటుంది. గేజ్ పెట్టి, మాన్యువల్‌లో చెప్పిన పద్ధతిలో ప్రెషర్ చూసి, అందులో ఇచ్చిన అంకెతో పోల్చితే చాలు. అది చూడకుండా పంపు విప్పడమంటే డబ్బూ పోతుంది, రోజూ పోతుంది, శుభ్రంగా ఉన్న ఆయిల్‌లోకి దుమ్మూ పోతుంది. ఇప్పుడొచ్చే చాలా మోడళ్లలోనైతే చక్రాలకు నేరుగా కరెంటు మోటార్లే ఉంటున్నాయి. వాటిలో డ్రైవ్‌కూ పంపుకూ సంబంధమే ఉండదు. అందుకే ముందు నీ ముందున్న బండి ఏ రకమో తెలియాలి.

ఇక బ్రేకు. కారు బ్రేకు కాలు పెడితే పడుతుంది. హైడ్రాలిక్ డ్రైవ్ ఉన్న ఈ బండ్లలో తీరు తిరగేసి ఉంటుంది. స్ప్రింగు బలంతో బ్రేకు ఎప్పుడూ పడే ఉంటుంది. డ్రైవ్ ఇచ్చినప్పుడు ఆయిల్ ప్రెషర్ వెళ్లి ఆ స్ప్రింగును నొక్కితేనే విడుస్తుంది. హోస్ పగిలినా, కరెంటు పోయినా బండి వాలులో జారిపోకుండా ఉండాలని అట్లా కట్టారు. కాబట్టి డ్రైవ్ ఇవ్వగానే పంపు శబ్దం బరువెక్కి చక్రం కదలకపోతే నాకు మొదట బ్రేకు మీదే అనుమానం వస్తుంది. ఆయిల్ వెళ్తోంది, మోటారు తిరగాలని చూస్తోంది, బ్రేకు పట్టుకుని ఉంది. అసలు శబ్దమే మారకపోతే కథ వేరు, కమాండే వాల్వు దాకా చేరలేదన్నమాట. ఆ రోజు మడికొండలో శబ్దం ఎట్లా ఉందో గుర్తు తెచ్చుకో.

ఇంకో పెద్ద ప్రశ్న ఉంది, దాన్ని అన్నిటికంటే ముందు వేసుకోవాలి. బండి కదలలేకపోతోందా, లేక కావాలనే కదలనంటోందా? ఈ యంత్రాల్లో మనిషి ప్రాణం కోసం పెట్టిన అడ్డుకట్టలు చాలా ఉన్నాయి. నేల వాలుగా ఉండగా ప్లాట్‌ఫామ్ పైకి లేపితే వాలును కనిపెట్టే టిల్ట్ సెన్సర్ డ్రైవ్‌ను కోసేస్తుంది. సిజర్ లేచినప్పుడు చక్రాల మధ్య కిందికి దిగే పాట్‌హోల్ గార్డులు (గుంటలో చక్రం పడినా బండి ఒరగకుండా కాపాడే పలకలు) పూర్తిగా దిగకపోయినా అంతే. అవి దిగాయో లేదో చెప్పే లిమిట్ స్విచ్ దగ్గర ఒక రాయి ఇరుక్కుంటే చాలు. చాలా మోడళ్లలో చార్జర్ ప్లగ్ పెట్టి ఉంటే డ్రైవ్ రాదు. ఎమర్జెన్సీ స్టాప్ బటన్లు కిందా పైనా రెండుంటాయి, రెండూ బయటికి లాగి ఉండాలి. తాళం కింది ప్యానెల్ వైపు తిప్పి ఉంటే పైనున్న జాయ్‌స్టిక్ ఎంత ఊపినా పనిచేయదు. బూమ్ లిఫ్టుల్లో ఫుట్ స్విచ్ తొక్కాలి. కొన్నింటిలో బూమ్ వెనక చక్రాలు దాటి పక్కకు తిరిగి ఉంటే ఇంకో స్విచ్ నొక్కితే గానీ డ్రైవ్ ఒప్పుకోదు, ఎందుకంటే అప్పుడు ఆపరేటర్‌కు ముందూ వెనకా తారుమారవుతాయి. ఇవన్నీ చూడటానికి స్పానర్ అక్కర్లేదు. బండి డిస్‌ప్లే మీద ఫాల్ట్ కోడ్ వస్తే ముందు దాన్ని రాసుకో. రాసుకోవాలన్న సంగతి బండిని రీసెట్ చేసి కోడ్ పోయాకే గుర్తొస్తుంది చాలామందికి.

ఆ తర్వాత కరెంటు. మెకానికల్ వాళ్లు వైర్లంటే దూరం జరుగుతారు. నీ విషయంలో జరిగింది కూడా అదేననుకుంటున్నాను. తెలిసిన వస్తువు పంపు, చేయి దాని మీదికే పోయింది. నీకు నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇదే: హైడ్రాలిక్స్ వచ్చి కరెంటు రానివాడు ఈ రంగంలో హెల్పర్‌గానే మిగిలిపోతాడు. మంచి మల్టీమీటర్ ఒకటి కొనుక్కో. చాలా చిన్న సిజర్ లిఫ్టుల్లో ఆరు వోల్టుల బ్యాటరీలు నాలుగు వరసగా కలిపి 24 వోల్టులు చేస్తారు. బండి ఊరికే నిలబడి ఉన్నప్పుడు మీటర్ బాగానే చూపిస్తుంది. డ్రైవ్ నొక్కి పట్టుకుని అప్పుడు చూడు, ఒక ముసలి బ్యాటరీ ఉంటే అంకె కూలిపోతుంది. సోలినాయిడ్ వాల్వు (కరెంటు కాయిల్‌తో పనిచేసే వాల్వు) దగ్గర కూడా ఇదే పద్ధతి. ఒకరు పైన జాయ్‌స్టిక్ పట్టుకుంటే నువ్వు కింద కనెక్టర్‌లో వోల్టేజ్ చూడు. వస్తోందంటే వైరింగ్ వదిలేసి కాయిల్, వాల్వు వైపు పో. రాకపోతే వెనక్కి, కంట్రోలర్ వైపు నడువు. కాయిల్ మీద అనుమానం ఉంటే పక్కనున్న అదే రకం కాయిల్‌తో మార్చి చూడు. తప్పు కాయిల్ వెంట పోయిందంటే దొంగ దొరికాడు. నీ ఊడిన కనెక్టర్ కూడా ఈ వరసలోనే దొరికేది, పంపు జోలికి పోకుండా.

ఇవన్నీ దాటాకే ఆయిల్. ఫ్లో వేగాన్నిస్తుంది, ప్రెషర్ బలాన్నిస్తుంది. ఈ రెండూ వేరని మనసులో నాటుకుంటే సగం పని అయినట్టే. చదునులో మామూలుగా పోతూ ర్యాంపు ఎక్కలేకపోతే ప్రెషర్ వైపు చూడు: ప్రెషర్ హద్దు దాటకుండా ఆపే రిలీఫ్ వాల్వు సెట్టింగ్, సగమే విడుస్తున్న బ్రేకు, లోపల లీకైపోతున్న మోటారు. ఎక్కడైనా ఒకేలా మెల్లగా పోతుంటే ఫ్లో వైపు చూడు. పొద్దున బాగా నడిచి మధ్యాహ్నానికి నీరసపడితే అరుగుదల ఉన్నట్టు. ఆయిల్ వేడెక్కి పలచబడి సందుల్లోంచి జారిపోతుంది. రామగుండం ఎండాకాలంలో ఈ లక్షణం ఇంకా త్వరగా బయటపడుతుంది. కేస్ డ్రైన్ (లోపల జారిన ఆయిల్‌ను ట్యాంకుకు పంపే లైన్) ఉన్న మోటార్లలో ఆ లైన్‌లోంచి ఎంత ఆయిల్ వస్తోందో కొలిచి, మాన్యువల్‌లోని హద్దుతోనూ పక్క చక్రం మోటారుతోనూ పోల్చు, ఏది అరిగిందో అదే చెప్తుంది. ముందుకు పోతూ వెనక్కి పోకపోతే సిజర్ లిఫ్టులో పంపును అనుమానించకు, రెండు వైపులకూ పంపు అదే. ఆ వైపు కాయిల్, ఆ వైపు స్పూల్ (వాల్వు లోపల జరిగే కడ్డీ), జాయ్‌స్టిక్ చూడు. డీజిల్ బూమ్ లిఫ్టుల్లో మాత్రం సాధారణంగా క్లోజ్‌డ్ లూప్ పంపు ఉంటుంది (ఆయిల్ ట్యాంకుకు పోకుండా పంపుకూ మోటారుకూ మధ్యే తిరుగుతుంది), దాంట్లో ఒక వైపు రిలీఫ్ చెడినా అదే లక్షణం వస్తుంది. ఆ లూప్‌లో తగ్గిన ఆయిల్‌ను నింపే చిన్న పంపు ప్రెషర్, అంటే చార్జ్ ప్రెషర్, పడిపోతే రెండు వైపులా నీరసమే, ఒక్కోసారి బ్రేకు కూడా సరిగ్గా విడవదు.

వానాకాలంలో మన వైపు నల్లరేగడి సైటుల్లో ఒక చక్రం బురదలో గిర్రున తిరుగుతుంది, రెండోది కదలదు. ఆపరేటర్ మోటారు పోయిందంటాడు. కాలువ నీళ్లు పల్లపు మడికే పోయినట్టు ఆయిల్ కూడా తేలిగ్గా తిరిగే చక్రానికే పోతుంది. ఫ్లో డివైడర్ (ఆయిల్‌ను చక్రాలకు సమంగా పంచే వాల్వు) ఉన్న బండి అయితే అది పనిచేస్తోందా లేదా చూడు. పెద్ద బూమ్ లిఫ్టులు లాగి తెచ్చాక ఇంకో సంగతి: చక్రం హబ్ మధ్యలో ఉండే, మోటారుకూ చక్రానికీ సంబంధం తెంచే డిస్కనెక్ట్ మూతను తిరగేసి బిగించి లాగుతారు. దాన్ని మళ్లీ మామూలుగా బిగించడం మరిచిపోతే లోపల మోటారు తిరుగుతుంది, చక్రం తిరగదు. రెండు బోల్టుల పని. దానికోసం మోటారు దింపిన వాళ్లు కూడా ఉన్నారు.

ఒక విషయంలో నేను చాలా గట్టిగా చెప్తున్నా. సైటు వాళ్లు తొందరపెడతారు, "ఆ సెన్సర్‌కు వైరు కలిపేయ్, సాయంత్రం దాకా నడిపిద్దాం" అంటారు. టిల్ట్ సెన్సర్‌కైనా, పాట్‌హోల్ స్విచ్‌కైనా జంపర్ వైరు వేసి బండిని పనికి వదలకు. ఆ ప్లాట్‌ఫామ్ మీద పది మీటర్ల ఎత్తులో నిలబడేది ఏ నర్సంపేట పిల్లగాడో, ఏ బీహార్ వలస కూలీయో. బండి ఒరిగితే అతనికి ఇంకో అవకాశం ఉండదు. ఉద్యోగం పోతుందన్నా సరే, కాదని చెప్పు, కాదన్నట్టు రాతలో పెట్టు. నీ ఒంటి సంగతి కూడా అంతే. సిజర్ కిందికి చేయి పెట్టేముందు అది కిందికి కూలకుండా ఆపే సేఫ్టీ ఆర్మ్ పెట్టాలి. బ్రేకు విడిపించేముందు చక్రాలకు దిమ్మలు పెట్టాలి. హోస్‌లో సన్నని లీకును చేత్తో తడమకూడదు, అట్టముక్కతో చూడాలి. ఆ ప్రెషర్‌లో ఆయిల్ చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినట్టే కనిపిస్తుంది గానీ చేయి తీసేయాల్సి వచ్చేంత గాయం అది. తగిలిన వెంటనే ఆసుపత్రికి పోవాలి.

ఇప్పుడు నీ భవిష్యత్తు. లిఫ్టు కంపెనీల యార్డులు ఎక్కువగా హైదరాబాద్ చుట్టూనే ఉన్నాయి, కాబట్టి ఈ ఉద్యోగం కోసం ఇంకొన్నేళ్లు ఊరికి దూరంగా ఉండక తప్పదు. కానీ నేర్చుకునే విద్య ఒక్క లిఫ్టులకే పరిమితం కాదు. సింగరేణి ఓపెన్‌కాస్టుల్లో తవ్వి ఎత్తే హైడ్రాలిక్ షవళ్లు, భూగర్భ గనుల్లో బొగ్గు ఎత్తిపోసే ఎస్‌డీఎల్‌లు, అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో పైకప్పును మోసే సపోర్టులు, అన్నీ హైడ్రాలిక్సే. రామగుండం, జైపూర్, భూపాలపల్లి థర్మల్ కేంద్రాల మెయింటెనెన్స్‌లోనూ ఈ చదువు పనికొస్తుంది. సింగరేణి 2024లో ఇచ్చిన నోటిఫికేషన్‌లో డిప్లొమా వాళ్లకు అసిస్టెంట్ ఫోర్‌మన్ ట్రైనీ పోస్టులున్నాయి. అట్లాంటివి వచ్చినప్పుడు అర్హతలు చూసి తప్పకుండా దరఖాస్తు చెయ్యి. ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరే దారి కూడా ఉంది. నీకు డిజైన్ మీద ఆసక్తి ఉంటేనే వెళ్లు. కేవలం హెల్పర్ అన్న పేరు పోగొట్టుకోవడానికైతే వద్దు.

బాపు మాటను కొట్టిపారేయకు. కొడుకు కళ్ల ముందు ఉండాలని, నెల తిరిగేసరికి జీతం రావాలని ఆయన ఆశ. కానిస్టేబుల్ కొలువు మంచిదే, నీకు యూనిఫాం మీద మనసుంటే నేనే చదవమంటాను. ఒక పంపు తప్పుగా మార్పించానన్న సిగ్గుతో వెళ్లడం మాత్రం నాకిష్టం లేదు. ఒకసారి ఆయన్ని యార్డుకు తీసుకెళ్లు. నువ్వు ఏం పని చేస్తున్నావో ఆయన ఇప్పటిదాకా చూసి ఉండడు.

ఈ వారంలోనే మీ సర్వీస్ మేనేజర్‌ను ఒకటి అడుగు: కొన్ని నెలలు సైటుకు పంపకుండా, కిరాయికి వెళ్లేముందు యార్డులో చేసే తనిఖీ పనిలో వేయమను. చెడిన బండిని మాత్రమే చూసేవాడికి బాగున్న బండి ఎట్లా ఉంటుందో తెలియదు. ప్రతి మోడల్‌కూ డ్రైవ్ ఇచ్చినప్పుడు బ్యాటరీ వోల్టేజ్ ఎంత ఉంది, ప్రెషర్ ఎంత ఉంది, శబ్దం ఎట్లా ఉంది అని ఒక నోట్‌బుక్‌లో రాసుకో. కంపెనీ సర్వీస్ మాన్యువళ్లు అడిగి తీసుకో, తయారీదారుల వెబ్‌సైట్లలో కూడా సీరియల్ నంబరు కొడితే చాలావాటికి దొరుకుతాయి. ఒక్క సిజర్ లిఫ్ట్ హైడ్రాలిక్ సర్క్యూట్, దాని వైరింగ్ బొమ్మ ఎదురెదురుగా పెట్టుకుని, డ్రైవ్ నొక్కితే ఏ కాయిల్‌కు కరెంటు పోతుంది, ఆయిల్ ఏ దారిన పోతుంది అని పెన్సిల్‌తో గీసుకుంటూ పో. గుర్తులు అర్థం కాకపోతే ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో ఆయిల్ హైడ్రాలిక్స్ పాఠాలు ఉచితంగా ఉన్నాయి. బొమ్మలో ఎక్కడ ఆగిపోయావో ఫొటో తీసి, మోడల్ పేరు రాసి నాకు పంపు. అక్కడి నుంచి కలిసి చూద్దాం.