కొత్తవాళ్లను తీసుకునే ముందు ఒక లెక్క

చిరంజీవికి మామయ్య ఆశీస్సులు.

మొన్న ఫోనులో నువ్వు, "మనిషికి మూడు వేల చొప్పున ప్రభుత్వమే ఇస్తోందట మామయ్యా, నలుగురిని తీసుకుంటున్నాను" అంటే నేను ఊఁ కొట్టి ఊరుకున్నాను. ఫోనులో చెప్పిన లెక్కలు మనసులో నిలవవు. అందుకే కాగితం తీశాను.

ముందు ఆ మూడు వేల సంగతి. ప్రధానమంత్రి వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజనలో నెలకు 3,000 వచ్చేది పీఎఫ్ జీతం, అంటే పీఎఫ్ లెక్కగట్టే జీతం, 20,000 దాటినవాళ్ల మీద. 10,000 దాటి 20,000 వరకు ఉంటే 2,000. పది వేలలోపైతే వెయ్యికి మించదు. నీ అట్టపెట్టెల షెడ్డులో పేస్టింగ్‌కీ, స్టిచింగ్‌కీ కొత్తగా చేరేవాళ్లకు నువ్విచ్చేది 14,000. కాబట్టి నీకు వచ్చేది రెండు వేలే. ఇప్పుడు నీ ఖర్చు రాసుకో. పద్నాలుగు వేల మీద యజమాని వాటా పీఎఫ్ 12 శాతం, అంటే 1,680. పీఎఫ్‌తో పాటు ఉండే జీవిత బీమాకు అర శాతం, పీఎఫ్ నిర్వహణ ఖర్చుకు అర శాతం, చెరో 70. అక్కడికి 1,820. ఈఎస్‌ఐ, అంటే కార్మికుల వైద్య బీమా, 3.25 శాతం చొప్పున 455 కలిపితే 2,275. సర్కారు ఇచ్చేది పోగా ఇంకా 275 నీ జేబులోంచే పోతుంది. జీతం సంగతి సరేసరి.

మనిషిని చట్టప్రకారం పెట్టుకుంటే పడే బరువులో చాలా భాగం రెండేళ్లపాటు ప్రభుత్వం మోస్తుంది. నీది తయారీ రంగం కాబట్టి మూడో ఏడు, నాలుగో ఏడు కూడా. ఇందులో లాభం వెతకకు. అలాగని చిన్న సంగతీ కాదు. ఆ బరువుకు జడిసే మా రోజుల్లో చాలామంది మస్టరులో, అదే హాజరు పుస్తకంలో, సగం పేర్లే ఎక్కించేవాళ్లు. కొన్నాళ్లు నేనూ ఆ పనే చేశాను, మీ అమ్మకు తెలుసు.

నలుగురిని తీసుకుంటే నలుగురికీ వస్తుందనుకుంటున్నావు. యాభై మందిలోపు ఉన్న సంస్థ పాత సంఖ్య మీద కనీసం ఇద్దరిని అదనంగా చూపాలి, యాభై అంతకు మించితే ఐదుగురిని. వాళ్లు ఆరు నెలలు నిలవాలి. నీ దగ్గర ఇప్పుడు 26 మంది. నలుగురు వచ్చి ముగ్గురు పాతవాళ్లు పోతే 27. చేతికి ఏమీ రాదు.

ఇది నాకు తగిలిన దెబ్బే. 2020 అక్టోబరు నుంచి వర్తించేలా ఆత్మనిర్భర్ భారత్ రోజ్‌గార్ యోజన వచ్చినప్పుడు 15,000లోపు జీతంతో కొత్తగా చేరినవాళ్లకు యజమాని వాటా, ఉద్యోగి వాటా రెండూ కేంద్రమే కట్టేది. సెప్టెంబరు నాటి సంఖ్య ఆధారం. నేను సంబరపడి ముగ్గురిని చేర్చుకున్నాను. సంక్రాంతికి ఊరెళ్లిన పాత స్టిచింగ్ మనుషులు ఇద్దరు మళ్లీ రాలేదు. సంఖ్య కిందికి జారింది, రాయితీ ఆగింది. అందులో ఒకామె దసరా ముందు ఐదువందలు పెంచమని అడిగింది. తర్వాత చూద్దామన్నాను. ఆ ఐదువందల కోసం ఎంత పోగొట్టుకున్నానో లెక్కేసుకోవడానికి నాకు మనసు రాలేదు. కాబట్టి కొత్తవాడికి బల్ల వేసే ముందు పాతవాళ్లను ఒక్కొక్కరినే కూర్చోబెట్టి మాట్లాడు.

ఇంకోటి. మామిడి పెట్టెల ఆర్డర్లు చూసి మార్చిలో మనుషులను తీసుకుంటావు. నూజివీడు కాయ అయిపోయేసరికి జూన్‌లో వాళ్లకు పని ఉండదు, వెళ్లిపోతారు. ఆరు నెలలు ఎక్కడ నిండింది? సీజను మనుషులను ఈ పథకం లెక్కలో వేసుకోకు. మందుల కంపెనీల పెట్టెలు ఏడాది పొడుగునా ఉంటాయి, ఆ ఆర్డరును బట్టి ఎందరు కావాలో తేల్చుకో. 2027 జూలై 31 లోపు చేరినవాళ్లకు వర్తిస్తుంది. అంత తొందరేమీ లేదు.

చేరినవాడు నిలిచేదీ పోయేదీ మొదటి నెలలోనే తేలుతుంది. ఒకసారి పదిహేడు రోజులు చేసి ఒక కుర్రాడు చెప్పకుండా మానేశాడు. బస్టాండులో కనబడితే అడిగాను. మూడు రోజుల పాటు మంచినీళ్లు ఎక్కడుంటాయో ఎవరూ చెప్పలేదట, అడగడానికి మొహమాటపడ్డాడట. మిషను తీగ వేలికి గుచ్చుకుంటే మేస్త్రీ నవ్వాడట. జీతం గురించి ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత కొత్తవాళ్లను ఎప్పుడూ మేస్త్రీకి వదల్లేదు. నెమ్మదస్తురాలైన ఒక పాత మనిషి పక్కన కూర్చోబెట్టి, నెల రోజులు ఆమెకు రెండు వందలు ఎక్కువ ఇచ్చాను.

చేరిన రోజే వాళ్లకు వచ్చే డబ్బు గురించి నువ్వే చెప్పు. ఇంతకుముందు పీఎఫ్‌లో లేని మనిషైతే ఒక నెల పీఎఫ్ జీతం, పదిహేను వేలకు మించకుండా, రెండు విడతల్లో నేరుగా వాళ్ల ఖాతాలో పడుతుంది. మొదటిది ఆరు నెలల తర్వాత, రెండోది ఏడాది నిండి, డబ్బు వాడకం మీద పెట్టే చిన్న పాఠం పూర్తిచేశాక. అందులో కొంత భాగం కొన్నాళ్లు పొదుపులో ఉంచుతారు. ఇది వాళ్ల సొమ్ము. దీన్ని చూపించి జీతంలో కోత పెట్టే ఆలోచన చేస్తే మాత్రం నా గడప తొక్కకు.

పాతవాణ్ణి తీసేసి కొత్త పేరుతో చేర్పిస్తామని, బావమరిది పేరు మీద ఇంకో సంస్థ పెట్టమని సలహాలు చెప్పేవాళ్లు వస్తారు. వాళ్ల మాట వినకు. ఇప్పుడు ఫోనులో ముఖం చూపిస్తే తప్ప పీఎఫ్ నంబరు పుట్టదు. ఆ ముఖం చూపించడమే ఒక ప్రహసనం. షెడ్డులో ట్యూబులైటు కింద నిలబెడితే పట్టదు, గుమ్మం బయటకు తీసుకొచ్చి ఎండ వెలుగులో చేయించు. ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ ముందే సరిచూడు. బ్యాంకు ఖాతా ఆధార్‌తో కలిసి ఉండాలి. లేకపోతే ఆరు నెలలు కష్టపడినవాడి డబ్బు దారిలోనే ఆగిపోతుంది, తిట్లు నీకు. నీ ఖాతా పాన్‌తో కలిసి ఉండాలి. ప్రతి నెలా 15వ తేదీలోపు పీఎఫ్ కట్టేయి. ఈ పని ఆడిటరు గుమాస్తాకు అప్పగించి మరిచిపోకు.

ఆదివారం భోజనానికి వచ్చేటప్పుడు గత ఏడాది పీఎఫ్ చలానాలు, మస్టరు పట్టుకురా. నెలవారీగా ఎవరు చేరారు, ఎవరు మానేశారో ఇద్దరం కూర్చుని రాద్దాం. నలుగురిని తీసుకోవాలా, ఇద్దరు చాలా అన్నది అప్పుడు చూద్దాం. పోయిన నెల నా కళ్లద్దాలు మీ ఇంట్లో మరిచిపోయాను, అవి కూడా తీసుకురమ్మని అమ్మ గుర్తుచేస్తుందేమో అడుగు.

మీ మామయ్య