వంట సంగతి తర్వాత, ముందు అంట్లు తోమండి

“మగవాడిని, ఒంటరిగా ఉంటున్నాను. ఉద్యోగం వల్ల టైమ్ ఉండదు, వంట పెద్దగా రాదు. తొందరగా అయిపోయే ఆరోగ్యకరమైన వంటలు, అలవాట్లు చెప్పండి. ఎయిర్ ఫ్రయర్ కొనమంటారా?” అని అడిగారు.

పదకొండేళ్ల కిందట కనపడ్డవాళ్లనల్లా నేనూ ఇదే అడిగాను. కొందరు పెళ్లి చేసుకోమన్నారు. పెళ్లాం అంటే వంటమనిషి అనుకునేవాళ్ల సలహా అది, దాన్ని పక్కన పెట్టేయండి. మిగతావాళ్లు వీడియోలు పంపారు. అసలు సంగతి ఒక్కరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తున్నాను. మీకు అడ్డొస్తున్నది అంట్లు.

నవ్వకండి. అన్నం వండటం రెండు మూడుసార్లు మాడ్చాక ఎవరికైనా వచ్చేస్తుంది. గుడ్డు ఉడకబెట్టడానికి అదీ అక్కర్లేదు. ఒంటరి మగవాడి వంట ఆగిపోయేది సింక్ దగ్గర. సోమవారం ఉత్సాహంగా వండుతాడు. తిన్నాక గిన్నెలో నీళ్లు పోసి “నాననీ, పొద్దున చూద్దాం” అంటాడు. ఆ నానడం గురువారం దాకా సాగుతుంది. శుక్రవారం రాత్రికి ఇంట్లో కడిగిన గరిటె ఒక్కటీ ఉండదు. ఫోన్ తీసి ఏదో ఒకటి ఆర్డర్ పెడతాడు. ఏమయ్యా అంటే “టైమ్ లేదు” అంటాడు. టైమ్ ఉంది, ఆర్డర్ వచ్చేదాకా నలభై నిమిషాలు సోఫాలో పడుకునే ఉన్నాడు.

ఈ జ్ఞానం నాకు ఊరికే రాలేదు.

అదొక బుధవారం రాత్రి. ఆఫీసులో పని తెమల్లేదు, ఇంటికొచ్చేసరికి పదిన్నర దాటింది. ఒకేసారి ఎక్కువ వండి దాచుకుంటే టైమ్ కలిసొస్తుందని ఎక్కడో చదివి, రెండు రోజులకు సరిపడా అన్నం వండాను. బాగానే వచ్చింది, పలుకు పలుకుగా. రెండు గుడ్లు కొట్టి వేయించుకుని సగం తిన్నాను. మిగిలింది డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టాలి. నా దగ్గర మూతలున్న డబ్బాలు నాలుగు. నాలుగూ సింక్‌లో ఉన్నాయి. ఒకదాంట్లో ఆదివారం నాటి నీళ్లు, వాటి మీద మీగడలాగా ఏదో పొర. ఇంకోదాని మూత కనపడలేదు. చేయి పెట్టి వెతకడానికి మనసొప్పలేదు. అన్నం గిన్నె మీదే మూత పెట్టి, స్టవ్ మీదే వదిలేసి పడుకున్నాను.

పొద్దున ఏడున్నరకి మూత తీసి చూశాను. రంగు మారలేదు, వాసన రాలేదు. కాసిన్ని నీళ్లు చిలకరించి, పొగలొచ్చేదాకా వేడి చేసి, టొమాటో ముక్కలు కలుపుకుని తిన్నాను. బయట కొనుక్కునేవాళ్లను తలుచుకుని జాలి కూడా పడ్డానండి, అది బాగా గుర్తుంది.

పదింటికి మీటింగ్. నేనే స్క్రీన్ షేర్ చేసి లెక్కలు చూపిస్తున్నాను. మూడో స్లైడ్ దగ్గర నోట్లో ఒక్కసారిగా నీళ్లూరాయి. మెడ వెనక చల్లటి చెమట. “ఒక్క నిమిషం” అనబోయాను, కానీ నోరు తెరిస్తే మాట బదులు ఇంకేదో వచ్చేలా ఉంది. స్క్రీన్ అలాగే వదిలేసి పరిగెత్తాను. తర్వాత ఓ గంటసేపు ఆ బాత్రూమ్ గచ్చు మీద గడిపాను. గచ్చు చల్లగా ఉంటే చెంప ఆనించుకున్నాను, అంతకంటే చెప్పను. పక్క సీటు కుర్రాడు నన్ను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాడు.

డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న, “రాత్రి మిగిలిన అన్నం తిన్నారా?”

“తిన్నాను. కానీ బాగా వేడి చేశాను డాక్టర్, పొగలొచ్చాయి.”

“అందరూ అదే అంటారు” అన్నాడాయన.

విషయం ఏంటంటే, బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా గింజల్లాంటి రూపంలో నిద్రపోతూ ఉంటుందట. పేరే సీరియస్. నీళ్లు మరిగినా ఆ గింజలు చావవు. వండిన అన్నం గంటల తరబడి బయటే ఉంటే అవి మేల్కొని, పెరిగి, ఒక విషాన్ని తయారుచేస్తాయి. మళ్లీ వేడి చేస్తే బ్యాక్టీరియా చావచ్చు గానీ ఆ విషం పోదు. వాసనలో, రుచిలో తేడా కూడా తెలియదు. తిన్న అరగంట నుంచి ఆరు గంటల్లోపు వాంతులు మొదలవుతాయి. నాకు రెండున్నర గంటలు పట్టింది, పుస్తకంలో రాసినట్టే. మామూలుగా ఒక రోజులో తగ్గిపోతుంది, నాకూ అలాగే తగ్గింది. ఆ మీటింగ్ సంగతి మాత్రం మావాళ్లు ఇప్పటికీ మర్చిపోలేదు.

చూశారా, తప్పు అన్నంది కాదు, ఫ్రిజ్‌ది కూడా కాదు. కడగని డబ్బాది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వండిన పదార్థాన్ని రెండు గంటలకు మించి బయట ఉంచొద్దని, ఫ్రిజ్‌లో 5 డిగ్రీల లోపు పెట్టమని చెప్తుంది. మంచి మాటే. కానీ ఎందులో పెట్టాలి స్వామీ, కడిగిన డబ్బా ఉంటేగా!

ఆ సాయంత్రం నీరసంగా ఇంటికొచ్చి ఒక పని చేశాను. ఒక గిన్నె, దాని మూత, ఒక పెనం, ఒక కత్తి, కోసుకునే చెక్క, ఒక గరిటె, ఒక కంచం, ఒక గ్లాసు, ఒక చెంచా, రెండు డబ్బాలు మాత్రం ఉంచుకుని, మిగతావన్నీ అట్టపెట్టెలో వేసి, టేపు చుట్టి అటక మీద పడేశాను. ఒకటే కంచం ఉన్నప్పుడు అది కడిగితేగాని తినలేరు. అంట్లు పేరుకోవడానికి అంట్లే ఉండవు. తోమడం మొత్తం ఐదు నిమిషాలు. తర్వాత ఓసారి మా అక్క వచ్చి చూసి “ఏంట్రా ఇది, జైలా?” అంది. జైల్లో అయితే కంచం ఎవరిది వాళ్లే కడుక్కుంటారక్కా, అందుకే జైలు మన ఇళ్ల కంటే మెరుగ్గా నడుస్తుంది అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు. నాకూ పూర్తిగా అర్థం కాలేదు, కానీ పద్ధతి మాత్రం పనిచేసింది.

సరే, వంటలు అడిగారు కదా. నేను వారంలో నాలుగు రాత్రులు ఒకటే వండుతాను. ఒక గ్లాసు బియ్యం, అర గ్లాసు ఎర్ర పప్పు (మసూర్ అంటారే, అది నానబెట్టక్కర్లేదు, ఇరవై నిమిషాల్లో మెత్తబడుతుంది), ఆరు గ్లాసుల నీళ్లు, ఉప్పు, ఇంట్లో ఉన్న కూరగాయ ఏదైనా. క్యారెట్, బఠానీ, పాలకూర, సొరకాయ, ఏదైనా సరే. అన్నీ ఒకే గిన్నెలో వేసి మూత వారగా పెట్టి, మరిగాక సన్న మంట మీద పాతిక నిమిషాలు. మధ్యలో రెండుసార్లు అడుగంటకుండా కలపాలి. ఆ పాతిక నిమిషాల్లోనే కత్తి, చెక్క కడిగేస్తాను. దించాక ఒక చెంచా నూనె లేదా నెయ్యి, మీద సగం నిమ్మకాయ.

రోజూ అదే తింటే బలం వస్తుందా అంటారు. వస్తుంది. ప్రొటీన్ అనేది అమైనో ఆమ్లాలనే చిన్న చిన్న ముక్కలతో తయారవుతుంది. వాటిలో లైసిన్ అనేది బియ్యంలో తక్కువ, మెథియోనిన్ అనేది పప్పులో తక్కువ. రెండూ కలిస్తే ఒకదాని లోటు ఇంకోటి పూడుస్తుంది. పిండిన నిమ్మకాయ కూడా ఊరికే కాదు, అందులో విటమిన్ సి పప్పులోని ఐరన్ ఒంటికి పట్టేలా చేస్తుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే సరిగ్గా దానికి వ్యతిరేకంగా జరుగుతుంది. నాకు టీ పిచ్చి, అందుకే గంట ఆగి తాగుతాను, ఆ గంటా గడియారం చూస్తూ కూర్చుంటాను.

మిగిలింది గిన్నెలో చల్లారేదాకా వదిలేయను. డబ్బాల్లో పల్చగా పరుస్తాను, లోతుగా కుక్కితే మధ్యలో వేడి చాలాసేపు ఉండిపోతుంది. గంటలోపు ఫ్రిజ్‌లోకి. మర్నాడు ఒక్కసారే వేడి చేసి తినేస్తాను. మూడో రోజుకి ఉంచను. ఒకసారి గచ్చుకి చెంప ఆనించినవాడికి ఈ క్రమశిక్షణ ఎవరూ నేర్పక్కర్లేదు.

గుడ్లు ఆరు ఒకేసారి ఉడకబెట్టి పెట్టుకోండి. మరిగే నీళ్లలో వేసి పది పన్నెండు నిమిషాలు, వెంటనే చల్లనీళ్లలోకి. ఎక్కువసేపు ఉడికితే పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ గీత వస్తుంది, అది ఐరన్, సల్ఫర్ కలిసి చేసే పని, తింటే ఏమీ కాదు. ఒక గుడ్డులో ఆరు గ్రాముల పైచిలుకు ప్రొటీన్ ఉంటుంది, పైగా కడగాల్సిన గిన్నె ఉండదు, ఎందుకంటే అందులో ఉడికింది నీళ్లే. ప్రొటీన్ పౌడర్ వాళ్లు ఈ మాట చెప్పరు. ఆ పౌడర్ కలిపే సీసా ఒక్కపూట కడక్కుండా బ్యాగులో వదిలేసి మర్నాడు మూత తీసి చూడండి. నేను తీశాను. లిఫ్ట్‌లో తీశాను, అదీ నా తెలివి.

రోజుకి కనీసం 400 గ్రాముల పండ్లు, కూరగాయలు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. వినడానికి పెద్దగా ఉంది గానీ తూకం వేసి చూశాను. ఒక క్యారెట్, రెండు పెద్ద టొమాటోలు, ఒక అరటిపండు కలిపితే ఇంచుమించు అయిపోయింది. ఫ్రోజెన్ బఠానీలు, పాలకూర వాడటానికి సిగ్గుపడకండి. కోసిన కొద్దిసేపటికే గడ్డకట్టిస్తారు కాబట్టి పోషకాలు బాగానే నిలుస్తాయి. మీ ఫ్రిజ్‌లో పది రోజులుగా వాడిపోతున్న ‘తాజా’ ఆకుకూర కంటే అవే నయం.

ఇక్కడ ఒక ఫిర్యాదు. వంట వీడియోల్లో ఏడు చిన్న చిన్న గాజు గిన్నెలుంటాయి. ఒకదాంట్లో చిటికెడు పసుపు, ఒకదాంట్లో రెండు వెల్లుల్లి రెబ్బలు. వయ్యారంగా ఒక్కోటీ వంచుతారు. ఆ ఏడు గిన్నెలు తోమేది ఎవరో ఒక్క వీడియోలోనూ కెమెరా చూపించదు. “ఉప్పు తగినంత” అని రాసేవాళ్లు ఇంకో రకం. తగినంత అంటే ఎంతో తెలిస్తే నేను మీ వంటకం ఎందుకు చదువుతాను? ఆరోగ్యం పరంగా చూస్తే రోజు మొత్తానికి 5 గ్రాముల లోపు, అంటే ఒక చిన్న చెంచాకి మించకుండా. బయట తిండిలో అంతా ఇంతా కాదు ఉప్పు. ఇన్‌స్టంట్ నూడుల్స్ తినక తప్పని రోజున మసాలా ప్యాకెట్ సగమే వేయండి, ఉప్పు ఎక్కువగా దాక్కునేది అందులోనే.

ప్యాకెట్ తిండి గురించి అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థలో చేసిన ఒక ప్రయోగం 2019లో అచ్చయింది. ఇరవై మందిని అక్కడే ఉంచి రెండు వారాలు ఫ్యాక్టరీలో బాగా ప్రాసెస్ చేసిన తిండి, రెండు వారాలు మామూలు తిండి పెట్టారు. కావలసినంత తినమన్నారు. ప్యాకెట్ తిండి రోజుల్లో వాళ్లు రోజుకి సుమారు 500 క్యాలరీలు ఎక్కువ తిన్నారు. ఎందుకు అన్నదానికి శాస్త్రవేత్తలు రకరకాల కారణాలు చెప్తారు. నా కారణం నాకుంది. కంచం కడిగే బాధ తన మీదే ఉన్న మనిషి రెండోసారి వడ్డించుకునే ముందు ఒక్క క్షణం ఆలోచిస్తాడు. ఆ ప్రయోగంలో ఎవరికీ అంట్లు తోమే పని పడి ఉండదు. ఈ కోణం ఎవరూ పట్టించుకున్నట్టు లేదు.

ఒక్క జాగ్రత్త చెప్పి ముగిస్తాను, ఇందులో జోకులేవీ లేవు. ఎండు రాజ్మా వండాలనుకుంటే రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం పది నిమిషాలు కుతకుతా మరిగించాకే మెత్తగా ఉడికించుకోండి. పచ్చి రాజ్మాలో ఒక విషపదార్థం ఉంటుంది, తక్కువ వేడి మీద గంటల తరబడి ఉంచితే అది పోదు. స్లో కుక్కర్‌లో పడేసి ఆఫీసుకి వెళ్లేవాళ్లు ముఖ్యంగా గుర్తుపెట్టుకోవాలి. అంత ఓపిక లేకపోతే ఎర్ర పప్పుతో సరిపెట్టుకోండి.

నా ఒక్క కంచం పద్ధతిలో లోపం లేదనను. ఎవరైనా వస్తే ఇబ్బందే. ఓసారి మా ఫ్రెండ్ వస్తే వాడికి కంచం ఇచ్చి నేను గిన్నె మూతలో తిన్నాను. మూత మధ్యలో పిడి ఉండటం వల్ల అది తిరగేసి పెడితే నిలవదు, ఒడిలో పెట్టుకుని తినాలి. ఇప్పుడు వాడొస్తే తన కంచం తనే తెచ్చుకుంటాడు. వెళ్లేటప్పుడు కడక్కుండా కవర్లో చుట్టుకుని తీసుకెళ్తాడు. వాడు ఇప్పటికీ రోజూ బయటే తింటున్నాడు, నాకేం ఆశ్చర్యం లేదు.

ఎయిర్ ఫ్రయర్ అడిగారు. నా దగ్గర లేదు. పక్క ఫ్లాట్ ఆయన కొన్నాడు. మొదటి వారం రోజూ బంగాళదుంపలు కాల్చి తలుపు కొట్టి మరీ ఇచ్చాడు, నూనె లేకుండా బాగానే వచ్చాయి. నెల తర్వాత ఏదో పనుండి వాళ్లింటికి వెళితే దాని బుట్ట సింక్‌లో నానుతోంది.