చాతం సామిల్లుకి వెళ్తే బాంబు గుంట దగ్గరే ఆగిపోకండి

అండమాన్ వెళ్తున్నాం, చాతం సామిల్లు చూడదగ్గదేనా, దాని చరిత్రేంటి అని అడిగారు. తప్పకుండా చూడండి. బాధేంటంటే, వెళ్ళినవాళ్ళంతా 1942లో జపాన్ బాంబు పడిన గుంట దగ్గర ఫొటో దిగి వచ్చేస్తారు. అప్పటికే ఆ మిల్లు వయసు దాదాపు అరవై ఏళ్ళు.

మిల్లు పెట్టింది 1883లో. చెట్లు కొట్టిందీ, దుంగలు లాగిందీ మొదట్లో శిక్ష పడిన ఖైదీలే. 1918 నుంచి రాంచీ వైపు కూలీలను తెచ్చారు. వాళ్ళ వారసులను అక్కడ ఇప్పటికీ ‘రాంచీలు’ అనే అంటారు. ఈ సంగతి చెప్పే గైడు అరుదు.

మిల్లు చిన్న దీవి మీద ఎందుకుందంటే, కలప వచ్చేది సముద్రం మీద. ఏనుగులు దుంగల్ని ఒడ్డుకు లాగేవి. అక్కడ తెప్పలు కట్టి పడవతో లాక్కొచ్చేవారు. పచ్చి దుంగల్లో బరువైనవి మునిగిపోతాయి కాబట్టి, వాటిని తేలే దుంగల మధ్య కట్టాలి. ఉప్పునీళ్ళలో ఎక్కువ రోజులు ఉంచితే ఓడల చెక్కను తొలిచే పురుగు పడుతుంది. పైకి చిన్న బెజ్జమే కనిపిస్తుంది, లోపలంతా డొల్ల.

ఇక కోత. గర్జన్ అనే అక్కడి చెట్టు దుంగలో జిగురు ఎక్కువ. అది బాండ్ సా (చక్రాల మీద పట్టీలా తిరిగే రంపం) బ్లేడుకు పట్టుకుంటే రాపిడికి పళ్ళ అంచు వేడెక్కి సాగుతుంది, బ్లేడు బిగువు తప్పుతుంది, పలక అలలు అలలుగా వస్తుంది. అప్పుడు దుంగను ఇంకా గట్టిగా తోయడం పెద్ద తప్పు. బ్లేడు దించి, జిగురు కడిగి, పళ్ళు సానబెట్టి, మధ్యభాగాన్ని రోలర్ల మధ్య నొక్కి బిగువు తిరిగి తేవాలి. మిల్లులో అసలు పనిమంతుడు ఇలా రంపాన్ని బాగుచేసే ‘సా డాక్టరే’.

కోత మందం కూడా గమనించండి. బాండ్ సా దాదాపు 3 మి.మీ. తింటుంది, గుండ్రటి రంపం 6 మి.మీ. దాకా. 25 మి.మీ. పలకలు పది తియ్యాలంటే వాటి మధ్య తొమ్మిది కోతలు. తేడా 27 మి.మీ., అంటే ఒక పలక పొట్టయిపోయినట్టే.

అక్కడి ఎర్ర పడాక్ చెట్టు మన ఎర్రచందనానికీ వేగిసకీ దగ్గర చుట్టం. 2002లో సుప్రీంకోర్టు అడవి నరకడాన్ని కట్టడి చేశాక మిల్లుకి దుంగలు బాగా తగ్గాయి. అందుకే సెలవు రోజున వెళ్ళకండి, రంపం తిరుగుతున్నప్పుడు చూడండి.